ఆవుతో చెప్పిన జవాబు

సినిమా తీశానని తెలిసినవాళ్లు ముందుగా అడిగేది ఎంత ఖర్చయిందని. తర్వాత అడిగేది ఎక్కడ చూడొచ్చని. మొదటిదానికి నేను జవాబు చెప్పను. రెండోదానికి చెబితే "తప్పకుండా చూస్తాం" అంటారు, చూడరు. ఇప్పుడు నాకు కోపం కూడా రావడం లేదు. కోపం రావడానికైనా ఒంట్లో కాస్త ఓపిక ఉండాలి కదా.

తమిళనాడులోని ధర్మపురిలో నేనుండే వీధివాళ్లకు నేను పెళ్లి వీడియోలు తీసే అక్కని. అంతకుముందు చెన్నైలో కొన్నేళ్లు సహాయ దర్శకురాలిగా ఉన్నాను. ఆ కొన్నేళ్లలో పెద్ద పెద్ద సినిమాలకు నేను చేసిన సేవ ఏమిటంటే గొడుగులు పట్టడం, క్లాప్ కొట్టడం, ఎవరి టీనో చల్లారిపోతే తిట్లు తినడం. నలభై దగ్గర పడి, ఇక ఎవరూ అవకాశం ఇవ్వరని రూఢి అయ్యాక, నా సినిమా నేనే తీసుకుందామని ఇంటికొచ్చేశాను. అదీ మా ఇంటి తెలుగులో. గడప దాటితే అంతా తమిళమే అయినా ఇంట్లో మేము మాట్లాడుకునేది తెలుగే. మావాళ్లలో చాలామందికి తెలుగు చదవడం రాదు. నేను కూడా చెన్నైలో ఉన్నప్పుడు సినిమా పోస్టర్లు కూడబలుక్కుని నేర్చుకున్నదాన్నే. కాబట్టి ఇప్పుడు రాస్తున్నది పెద్దమ్మా చదవదు, మామా చదవడు. ఆ ధైర్యంతోనే రాస్తున్నాను.

పెద్దమ్మ మా అమ్మకు అక్క. మామ వాళ్లిద్దరికీ తమ్ముడు. వెల్లిచందై దగ్గర మా అమ్మ పుట్టిన ఊళ్లో వాళ్లిద్దరి ఇళ్లూ ఎదురెదురుగా ఉంటాయి. పెద్దమ్మను ఆ ఊళ్లోనే ఇచ్చారు. పెదనాన్న పోయాక ఆమె ఒక్కతే టమాటా, రాగి పండించుకుంటూ ఉంది. రెండు పొలాలకూ కలిపి ఒకటే బావి, ఒకటే మోటారు. చాలా ఏళ్ల కింద ఒక ఎండాకాలం ఆ మోటారు కాలిపోయింది. మోటారుకు చాలని సింగిల్ ఫేజు కరెంటులో వేసింది నువ్వంటే, ఆపకుండా వదిలేసింది నువ్వని అక్కాతమ్ముళ్లు బావి గట్టున నలుగురి ముందూ అనుకున్నారు. మోటారు బాగుచేయించారు. మాటలు మాత్రం ఆ రోజే పోయాయి.

మాటలు పోవడమంటే మా వైపు పూర్తిగా పోవడం కాదు. ఒకే బావి నీళ్లు పంచుకునేవాళ్లకు పూర్తిగా పోతే ఎలా కుదురుతుంది? అందుకని ఒక ఏర్పాటు ఉంది. మాటలు లేని మనిషికి చెప్పాల్సింది ఏ పశువుకో, ఏ వస్తువుకో చెబుతారు, అవతలివాళ్లకు వినబడేంత గట్టిగా. పెద్దమ్మ తన ఎర్రావుకు చెప్పేది. "ఏమే, రేపు నీళ్ల వంతు నాదని గుర్తుండాదా? తెల్లారి ఎవరన్నా మోటారు ముట్టినారంటే బాగుండదు, చెప్తా ఉండాను."

ఎదురింటి ముందు మామ తన పాత మోపెడ్ సీటు తుడుస్తూ దానికి చెప్పేవాడు. "ఎవరికి కావల్ల ఆ పాచినీళ్లు? తీసుకోని పొమ్మను."

ఇలా ఆవూ మోపెడ్డూ కలిసి ఆ రెండిళ్ల వ్యవహారమంతా నడిపించాయి. పెళ్లి పిలుపులు, చావు కబుర్లు, టమాటా లారీ ఎప్పుడొస్తుందన్న సంగతి, అన్నీ వాటి ద్వారానే. ఊరికి ఇది వింత కాదు. చెన్నై వెళ్లొచ్చేదాకా నాకూ కాదు. వచ్చాక చూస్తే నవ్వొచ్చింది, ఆ వెంటనే దిగులేసింది. సినిమా అంటే ఇదే కదా అనిపించింది.

కథలో బావి తీసేసి చింతచెట్టు పెట్టాను. మోపెడ్ తీసేసి గొడ్డలి పెట్టాను. ఆవును మాత్రం తీయలేకపోయాను. ఒక అక్క, ఒక తమ్ముడు, పంపకంలో ఎవరికీ చెందని చింతచెట్టు, చివరికి ఒక రోజు తమ్ముడు ఎదురుగా వచ్చి "అక్కా, తిన్నావా?" అని అడుగుతాడు. "తిన్నాను రా. నువ్వు తిన్నావా?" అంటుంది అక్క. అంతే సినిమా. ఎవరూ గుర్తుపట్టరనుకున్నాను. అమ్మకు కథ చెబితే పొయ్యి మీది నుంచి తల తిప్పకుండానే అంది, "చెట్టు పెట్టినంత మాత్రాన బావి యాడికి పోతాది?"

షూటింగ్ పెద్దమ్మ ఇంట్లోనే పెట్టుకున్నాం. ఇల్లూ ఆవూ రెండూ అక్కడే ఉన్నాయి కాబట్టి. చెన్నైలో నాతో పాటు తిట్లు తిన్న కెమెరామన్ ఒకతను రెండు పెద్ద సినిమాల మధ్య ఖాళీలో వచ్చాడు. తమిళుడు, తెలుగు ఒక్క ముక్క రాదు. అక్క వేషానికి సేలం నుంచి నాటకాలావిడను పిలిపించాను. ఆవిడ మంచిదే. కానీ ఎండకు తాళలేకపోయింది, మా మాటల యాసకు తాళలేకపోయింది, అన్నిటికీ మించి ఎర్రావు ఆవిడను దగ్గరికి రానివ్వలేదు. సినిమాలో అక్క సగం మాటలు ఆవుతోనే చెప్పాలి. ఆవిడ నోరు తెరవగానే అది కొమ్ములు విసిరేది. కెమెరా వెనక నిలబడి నేను తల పట్టుకుని ఉంటే, అరుగు మీద బీన్స్ తుంచుతున్న పెద్దమ్మ లేచి చీర దులుపుకుంది.

"ఎవరో వచ్చి నా ఇంట్లో నా ఆవుతో మాట్లాడేదానికి బదులు నేనే మాట్లాడతా పో."

నాటకాలావిడ ఆ సాయంత్రమే సంతోషంగా బస్సెక్కింది. ఆవిడ ముఖంలో అంత కళ నేను షూటింగ్‌లో చూడలేదు.

ఆ మర్నాడు ఎదురింటి ముందు మామ మోపెడ్ తుడవడం మొదలుపెట్టాడు. మామూలు కంటే గట్టిగా తుడుస్తున్నాడు. మోపెడ్‌తో అంటున్నట్టే నన్ను చూసి అన్నాడు. "ఆయమ్మకు తమ్ముడు వేషం వేసేవాడు ఎవడో అడుగు. ధర్మపురి నుంచి వస్తా ఉండాడంట. ఎవడో వచ్చి తమ్ముడైపోతే, నేనేమి సచ్చినానా?"

నేను వీధి దాటి వెళ్లాను. "మామా, నువ్వు చేస్తావా?"

చాలాసేపు గుడ్డ పిండాడు. "కెమెరా ముందర మాట్లాడతాను. కెమెరా ఆగినాక నన్ను ఎవరూ ఏమీ అడగకూడదు. సరేనా పాపా?"

సరే అన్నాను. ధర్మపురి నుంచి రావాల్సిన కుర్రాడికి ఫోన్ చేసి వద్దన్నాను. ఆ రాత్రి నిద్ర పట్టింది. షూటింగ్ మొత్తంలో నేను బాగా నిద్రపోయింది అప్పుడే.

పోట్లాట సీన్లు ఎంత సులువుగా వచ్చాయంటే నాకు భయం వేసింది. ఇన్నేళ్ల తర్వాత ఒకళ్ల ముఖం ఒకళ్లు చూసి తిట్టుకోవడానికి వాళ్లకు లైసెన్స్ దొరికింది. ఇద్దరూ పొద్దున్నే స్నానం చేసి, తలకు నూనె రాసుకుని, తిట్టుకోవడానికి తయారై వచ్చేవాళ్లు. చింతచెట్టు గొడవ మధ్యలో పెద్దమ్మ ఉన్నట్టుండి, "సింగిల్ ఫేజులో మోటారు ఏసింది ఎవరు? చెప్పు, ఎవరు?" అని అరిచింది. "ఏసింది నేను కాదు, ఆపకుండా పండుకున్నది నువ్వు" అని మామ అంతకంటే గట్టిగా అరిచాడు. సినిమాలో మోటారే లేదు. మాటలు అర్థం కాని కెమెరామన్ ముఖాలు బాగున్నాయని తీస్తూనే ఉన్నాడు. నేను కట్ చెప్పగానే మామ నోరు మూసుకుని గోడ వైపు తిరిగాడు. పెద్దమ్మ ఆవు దగ్గరికెళ్లి గడ్డి వేసింది. మళ్లీ కెమెరా ఆన్ అనగానే ఇద్దరి ముఖాల్లో వెలుగు.

వాళ్లను చూస్తూ నాకు ఆశ పుట్టింది. సినిమా ఏమవుతుందో ఏమో గానీ, ఆ చివరి సీను తీస్తే ఇద్దరూ కలిసిపోతారని. పెద్దమ్మకూ ఆ ఆశే ఉన్నట్టుంది. చివరి సీను ఎప్పుడు, ఎప్పుడు అని రోజూ నన్ను అడిగేది. ఆ సీను కోసం పెట్టెలోంచి పసుపు పచ్చ చీర తీసి అరుగు మీద ఆరేసింది. తమ్ముడు పెళ్లికి కట్టుకున్న చీర అది.

ఆ సీను సాయంత్రం ఎండలో తీయాలి. పెద్దమ్మ చెట్టు కింద కూర్చుని చింతపండు కొడుతూ ఉంటుంది, పక్కన ఆవు కట్టేసి ఉంటుంది. మామ నడుచుకుంటూ వచ్చి ఎదురుగా నిలబడి అడగాలి. మొదటిసారి మామ వచ్చి నిలబడ్డాడు గానీ నోరు పెగల్లేదు. తిరిగి వెళ్లాడు. మళ్లీ వచ్చాడు. కాళ్ల వైపు చూస్తూ, గొంతు కీచుగా, "అక్కా, తిన్నావా?" అన్నాడు. కెమెరా వెనక నాకు కళ్లల్లో నీళ్లొచ్చాయి. సిగ్గు పడకుండా చెబుతున్నాను, వచ్చాయి.

పెద్దమ్మ తలెత్తింది. తమ్ముడిని చూసింది. చూసి, మెడ తిప్పి, ఎర్రావు ముఖంలోకి చూస్తూ, "తిన్నాను రా. నువ్వు తిన్నావా?" అంది.

కెమెరామన్ నా వైపు వంగి తమిళంలో మెల్లగా అడిగాడు, ఆమె ఎవరితో మాట్లాడుతోందని. ఆవుతో అన్నాను. కథలో అలా ఉందా అన్నాడు. లేదన్నాను.

మళ్లీ తీశాం. మళ్లీ ఆవు. ఆవును తీసుకెళ్లి ఇంటి వెనక కట్టేశాం. అప్పుడు పెద్దమ్మ ఇంటి వెనక వైపు తిరిగి చెప్పింది. "అయ్యో, ఇదేమి ఖర్మ" అని తన మెడను తనే కొట్టుకుంది. ఆమె కావాలని చేయడం లేదని నాకు కనబడుతూనే ఉంది. ఇన్నేళ్లుగా తమ్ముడికి చెప్పాల్సినదంతా ఆవుకే చెప్పిన మనిషి. తమ్ముడి గొంతు వినగానే మెడ దానంతట అదే అటు తిరిగిపోయేది. మామ ప్రతిసారీ నడిచి వచ్చాడు, ప్రతిసారీ అడిగాడు. అడిగిన కొద్దీ అతని గొంతు గట్టిపడింది. ఎండ పడిపోయింది. పెద్దమ్మ ఇంకొక్కసారి, ఇంకొక్కసారి అంటూ ఉండగానే మామ వెళ్లి మోపెడ్ స్టార్ట్ చేశాడు.

"నేను మనిషిని అడిగితే ఆవుకు జవాబు చెప్తాది" అన్నాడు మోపెడ్‌తో. వెళ్లిపోయాడు. ఆ మోపెడ్‌తో అతను ఆఖరుగా అన్న మాట అదే.

ఎందుకంటే మర్నాటి నుంచి మోపెడ్ తుడవడం ఇంటి లోపలికి మారింది. పెద్దమ్మ అరుగు మీద నిలబడి ఆవుకు నీళ్ల వంతు సంగతి చెబితే ఎదురింటి నుంచి ఉలుకూ లేదు, పలుకూ లేదు. విన్నాడో లేదో తెలియక ఆమె రెండుసార్లు చెప్పేది. మేము సామాన్లు సర్దుకుంటుంటే నన్ను పక్కకు పిలిచింది.

"పాపా, నేను కావాలని తిరగలేదు. మెడ తిరిగిపోయింది. వానికి చెప్పు."

"నువ్వే చెప్పు పెద్దమ్మా."

"నేనెట్లా చెప్పేది? మాటలు లేవు కదా."

మామ దగ్గరికెళ్లి చెప్పాను. అతను నా మాట పూర్తి కానివ్వలేదు. "అడిగింది నేను. జవాబు నాకు రావల్ల. నీ దగ్గర ఇచ్చి పంపితే నేను తీసుకోను" అన్నాడు. సినిమా వల్ల ఉన్న మాటలు కూడా పోయాయి. ఒక సినిమా తీసి రెండు ఇళ్లను మూగవి చేశానని అమ్మ చాలా రోజులు దెప్పింది.

చెన్నైలో ఎడిటింగ్ సాగుతూ పోయింది. ఎడిటర్‌కు ఖాళీ దొరికినప్పుడు నాకు పెళ్లి వీడియోలు, నాకు ఖాళీ దొరికినప్పుడు అతనికి వేరే పని. చివరి సీను అతను తన స్నేహితులకు వేసి చూపించాడు. పెద్దమ్మ ఆవు వైపు తిరగగానే వాళ్లు పగలబడి నవ్వారు. "ఆ జవాబు తీసేద్దాం" అన్నాడు ఎడిటర్. "అతను అడుగుతాడు, ఆమె చూస్తుంది, అంతే. మౌనం బాగుంటుంది." తీసేశాడు. ఆ చూపును సాగదీసి, వెనక గాలి చప్పుడు పెట్టాడు. వాదించే ఓపిక నాకు లేదు. పైగా నిజంగానే బాగుంది, అదే నా బాధ.

ఆ రోజుల్లోనే మామకు గుండెల్లో నొప్పి వచ్చి ధర్మపురి ఆసుపత్రిలో చేర్చారు. నేను అక్కడే ఉన్నాను. ఒక మధ్యాహ్నం కిందకు దిగితే మెట్ల పక్కన పెద్దమ్మ కూర్చుని ఉంది, ఒళ్లో టిఫిన్ క్యారియర్. ఊరి నుంచి బస్సు మారి వచ్చింది. పైకి రమ్మన్నాను. రానంది. "అడిగినదానికి జవాబు చెప్పకుండా ఏ మొగం పెట్టుకోని పోయేది? ఇది తీసుకోని పో. ఎవరు తెచ్చినారని చెప్పొద్దు."

క్యారియర్‌లో సంగటి, ఉలవచారు. మామ ముద్ద తీసి నోట్లో పెట్టుకున్నాడు. అక్కడ మోపెడ్ లేదు. పక్కనున్న సెలైన్ స్టాండు వైపు తిరిగి, "ఈ సంగటి కెలికిన చెయ్యి యాదో నాకు తెలీదనుకున్నారా" అన్నాడు. కిందకొచ్చి పెద్దమ్మకు చెప్పాను.

"నాకు చెప్పినాడా, నీకు చెప్పినాడా?"

"సెలైన్ స్టాండుకు."

పెద్దమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. "అయితే బాగుండాడులే" అంది. బస్సుకు టైమైందని లేచింది.

సినిమా పూర్తయ్యాక మొదలైన అలసట ముందు అప్పటిదాకా పడ్డదంతా ఏమీ కాదు. తీసేటప్పుడు కనీసం చేయడానికి పని ఉంటుంది. తీశాక చేయాల్సిందల్లా ఎదురు చూడటం. ఫిల్మ్ ఫెస్టివల్స్‌కు పంపడం, ఎదురు చూడటం, మీ సినిమా మాకు నచ్చింది గానీ అని మొదలయ్యే జవాబులు చదవడం. హైదరాబాద్ నుంచి ఒకాయన ఫోన్ చేసి మర్యాదగా అడిగాడు, ఇది ఏ భాష అని. తెలుగే సార్ అన్నాను. "అయినా కింద తెలుగులో టైటిల్స్ వేస్తే మంచిదమ్మా" అన్నాడు. చెన్నైలో ఇంకొకాయన తెలుగు సినిమాను ఇక్కడికి ఎందుకు తెచ్చావన్నాడు. అక్కడివాళ్లకు మేము ఇటువాళ్లం, ఇటువాళ్లకు అటువాళ్లం. ధర్మపురిలో ఒక థియేటర్ ఆయన ఉదయం ఆట ఇస్తానని చెప్పి, ఆ రోజే పెద్ద హీరో సినిమా వచ్చిందని మానేశాడు. ఆయన తప్పేం లేదు. నేనైనా పెద్ద హీరోనే వేసుకుంటాను.

చివరికి బెంగళూరులో ఒక చిన్న హాల్లో వేశారు. వచ్చినవాళ్లలో సగం మంది వేరే సినిమాలు తీసి నాలాగే వేయించుకోవడానికి వచ్చినవాళ్లు. నవ్వాల్సిన చోట నోట్సు రాసుకున్నారు. చివర్లో వేదిక మీద నన్ను కూర్చోబెట్టి ప్రశ్నలు అడిగారు. చివరి మౌనం అద్భుతమన్నారు ఒకరు. ఆడవాళ్ల గొంతు నొక్కేయడానికి అది గుర్తా అని ఇంకొకరు. ముగింపు లేని సినిమా అని ఆ తర్వాత ఎవరో రాశారు. ఆమె జవాబు చెప్పిందండీ, ఆవుకు చెప్పింది, మేమే కత్తిరించాం అని చెప్పాలని నాలుక చివరిదాకా వచ్చింది. అంతటి కథ చెప్పే ఓపిక లేక తలూపి మైకు ఇచ్చేశాను. తిరుగు బస్సులో తల కిటికీకి ఆనించి కళ్లు మూసుకుంటే, ఎందుకు తీశాను ఇది అన్న మాట తప్ప ఇంకేమీ తోచలేదు.

తర్వాత దాన్ని ఫోన్లలో చూసుకునేలా ఒక చోట పెట్టాను. కొందరు చూశారు. ఆవు బాగా చేసిందని ఎవరో రాశారు. నేను దానితో సరిపెట్టుకుని పెళ్లిళ్ల సీజన్‌లో పడిపోయాను.

సరిపెట్టుకోనిది పెద్దమ్మ. ఫోన్‌లో చూపిస్తానంటే ఒప్పుకోలేదు. "అంత చిన్నదాంట్లో ఏమి కనబడతాది? బెంగుళూరులో ఎవరెవరికో చూపించినావు. ఊరికి చూపించవా? అందరం కూర్చోని చూడల్ల. వాడూ చూడల్ల" అంది. ఆ చివరి మాట మెల్లగా అంది.

ఆమె పోరు పడలేక వెల్లిచందైలో ఒక కల్యాణ మండపం అడిగి, పెళ్లి లేని ఒక మధ్యాహ్నం తెర కట్టాను. కిటికీలకు దుప్పట్లు వేశాం. ఆడవాళ్లు ఒక వైపు చాపల మీద, మగవాళ్లు ఒక వైపు కుర్చీల్లో. పెద్దమ్మ పసుపు పచ్చ చీర కట్టుకుని అందరికంటే ముందు కూర్చుంది. మామ వస్తాడని నేననుకోలేదు. అందరూ కూర్చున్నాక వచ్చి, తలుపు దగ్గరి కుర్చీలో, పోవడానికి వచ్చినవాడిలా అంచున కూర్చున్నాడు.

బెంగళూరు వాళ్లు నోట్సు రాసుకున్న చోటల్లా మావాళ్లు పొర్లి పొర్లి నవ్వారు. బెంగళూరు వాళ్లు నిట్టూర్చిన చోట కూడా నవ్వారు. ఎర్రావు తెర మీదకు రాగానే చప్పట్లు. సింగిల్ ఫేజ్ మోటారు గొడవను నేను కత్తిరించలేదు. అది వచ్చినప్పుడు మండపం రెండుగా చీలి, ఆడవాళ్లంతా "వాడే ఏసినాడు" అనీ మగవాళ్లంతా "ఆయమ్మే ఆపలేదు" అనీ తెరతో పోట్లాడారు. మామ కూడా నవ్వడం చూశాను. ఆ ఒక్క గంట నాకు అలసట గుర్తుకు రాలేదు.

అప్పుడు ఎవరి ఫోనో మోగింది. "త్రీ ఫేజు వచ్చేసింది రా!" అని ఒక కేక.

మా వైపు పొలాల మోటార్లకు కావాల్సిన కరెంటు రోజంతా ఉండదు. అది ఎప్పుడొస్తే అప్పుడు పరిగెత్తాలి. పెళ్లిలో తాళి కడుతున్నా పరిగెత్తుతారు. మగవాళ్లు కుర్చీలు జరుపుకుంటూ లేచారు. బయట బళ్లు వరసగా స్టార్ట్ అయ్యాయి. టమాటాలకు ఆ రోజు నీళ్ల వంతు మామది. అతను లేచి, తెర వైపు ఒకసారి చూసి, భుజం మీది తువ్వాలు తీసి తన కుర్చీ మీద వేసి బయటికి పరిగెత్తాడు. అప్పటికి చివరి సీను మొదలైంది. ఆపుదామని లేచాను. చీకట్లో వైర్లు కాళ్లకు తగిలి చేరేలోగా తెర మీద మామ నడుచుకుంటూ వచ్చి నిలబడ్డాడు.

"అక్కా, తిన్నావా?"

ఎడిటర్ పెట్టిన మౌనం. గాలి చప్పుడు. తెర మీద తమ్ముడికి ఎదురుగా పెద్దమ్మ చూస్తూ ఉంది, చూస్తూనే ఉంది.

ముందు వరసలో చాప మీది నుంచి పెద్దమ్మ లేచి నిలబడింది. ప్రొజెక్టర్ వెలుగు చీర మీద పడింది. తెర మీది తమ్ముడి ముఖంలోకి చూసి, గొంతెత్తి చెప్పింది. "తిన్నాను రా తమ్ముడా! నువ్వు తిన్నావా?"

మండపమంతా ఘొల్లుమంది. ఆడవాళ్లు చాపలు కొట్టి నవ్వారు. పెద్దమ్మ నవ్వలేదు. వెనక్కి తిరిగి తలుపు వైపు చూసింది. మెడ ఈసారి సరిగ్గానే తిరిగింది. అక్కడ కుర్చీ ఉంది, కుర్చీ మీద తువ్వాలు ఉంది. నవ్వులు ఒక్కొక్కటే ఆగిపోయాయి. ఆమె అలాగే నిలబడి ఉంది. నేను లైట్లు వేయలేకపోయాను.

మామ వచ్చేసరికి అందరూ దుప్పట్లు మడుస్తున్నారు. మోకాళ్ల దాకా తడి, బురద. ఎవరూ ఏమీ చెప్పలేదు, అతనూ అడగలేదు. తువ్వాలు తీసుకుని వెళ్లిపోయాడు. పెద్దమ్మ ఇంటికి రాగానే చీర మడిచి పెట్టెలో పెట్టేసింది. ఎవరికీ పనికిరాని సినిమా, వీళ్లిద్దరికైనా పనికొస్తుందనుకున్నాను. అదీ లేదు. ఇంక కెమెరా ముట్టుకోకూడదని అనుకుంటూ ఆమె పక్కనే చాప మీద పడుకున్నాను.

పొద్దున లేచి అరుగు మీద కాఫీ తాగుతున్నాను. పెద్దమ్మ ఆవుకు కుడితి పెడుతోంది. ఎదురింటి తలుపు తెరుచుకుంది. మామ మోపెడ్ దగ్గర ఆగలేదు. దాన్ని దాటి, వీధి దాటి, నడుచుకుంటూ వచ్చి అరుగు కింద నిలబడ్డాడు. పొద్దున్నే ఊరంతా చెప్పి ఉంటారు అతనికి. గొంతు సవరించుకున్నాడు. నన్ను చూడలేదు, ఆవును చూడలేదు.

"నిన్న ఏమో చెప్పినావంట. మోటారు ఏసేదానికి పోయినాను. నేను వినలేదు. మళ్లీ చెప్పు."

పెద్దమ్మ చేతిలో కుడితి బకెట్ అలాగే ఉంది. దాన్ని కింద పెట్టింది. నడుం మీద చెయ్యి వేసుకుని తమ్ముడిని తల నుంచి కాళ్ల దాకా చూసింది.

"అడిగినప్పుడంతా మళ్లీ మళ్లీ చెప్పేదానికి ఇదేమన్నా షూటింగా?"

అని విసురుగా లోపలికి పోయింది. ఇంక అయిపోయిందనుకున్నాను. మామ కదలకుండా నిలబడ్డాడు. లోపల గిన్నెల చప్పుడు. ఆమె పళ్లెంతో బయటికి వచ్చింది. వేడి సంగటి, పక్కన ఆకుకూర పప్పు. పళ్లెం అరుగు మీద పెట్టి, తమ్ముడి ముఖంలోకి చూస్తూ చెప్పింది.

"కూర్చో. ఆరిపోతాది, తిను."

మామ కూర్చున్నాడు. మొదటి ముద్ద నోట్లో పెట్టుకునే ముందు ఆగి, "నువ్వు తిన్నావా?" అన్నాడు. "నువ్వు తిను ముందు" అంది పెద్దమ్మ. కుడితి ఇంకా రాలేదని ఎర్రావు అరిచింది. ఆ పొద్దు దానితో ఎవరూ ఏమీ మాట్లాడలేదు.